నూకరత్నం చెప్పిన కారణాలు

విదియ

ఈ రోజు నూకరత్నానికి ముడి వేశాను. కొండ కింద తవ్విన మా లోగిలిలో పుట్టిన పిల్లల్లో బయలుకి, అంటే కొండ బయటికి, వెళ్ళబోయే మొదటి మనిషి ఆమే. మా వీధి పైడమ్మ కూతురు. ఇరవై దాటాయి, నోట్లో నాలుక ఉందా అనిపించేంత నెమ్మది. కుర్చీలో కూర్చోగానే, ఆకాశం చూస్తే కళ్ళు తిరుగుతాయా మాస్టారూ అని అడిగింది. మొదట్లో తిరుగుతాయి, తరవాత అలవాటవుతుందన్నాను. కొండ కింద పుట్టి కొండ కిందే పెరిగిన పిల్ల. తల మీద కప్పు లేని చోటు ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక. బయలు పని నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు సింహాచలం వెనక తిరిగిందో నాకు తెలుసు.

పద్ధతి మళ్ళీ రాస్తున్నాను, నా తరవాత ఈ కుర్చీ పక్కన కూర్చునేవాళ్ళ కోసం. ఎలాగూ ఎవరూ చదవరు. బయట ఎండ పట్టే పలకల మీద దుమ్ము తుడిస్తేనే లోగిలికి వెలుగు, కరెంటు. తుడిచేవాళ్ళు వీపున గాలిబుడ్డి కట్టుకుని వెళతారు. లోపల బాగానే పనిచేసే మీటరు, బయటి దుమ్ము తగలగానే చచ్చి ఊరుకుంటుంది. బుడ్డిలో గాలి తగ్గుతుంటే మనిషికి భయం పుట్టాలి కదా, పుట్టదు. నవ్వొస్తుంది. హాయిగా ఉంటుంది. అలా నవ్వుకుంటూనే కూలబడతారు. అందుకని వెళ్ళేముందు నిద్రపుచ్చి, లోపల ఒక మాట ముడి వేసి పంపుతాను. లేచాక వాళ్ళకి ఆ మాట గుర్తుండదు. ఊపిరి బరువెక్కగానే ముడి లాగుతుంది, కాళ్ళు ఇంటిదారి పడతాయి. ఎందుకొచ్చావని అడిగితే మాత్రం ముడి లాగిందని ఎవరూ చెప్పరు. పలకల మేస్త్రీ సింహాచలం ప్రతిసారీ దాహమేసి వచ్చానంటాడు. అబద్ధం కాదు, నిజంగానే దాహమేస్తుంది వాడికి. కారణం ఎవరికి వాళ్ళకే తోస్తుంది, దాన్ని వాళ్ళే నమ్ముతారు.

నా మాట ఇది: "బుడ్డిలో గాలి నిండుకుందని తెలిసిన మరుక్షణం, చేతిలో పని అక్కడే వదిలి, వెనక్కి తిరిగి లోపలికి వచ్చెయ్." ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఈ మాటతో పంపినవాళ్ళలో తిరిగి రానివాళ్ళంటూ లేరు. కిందటి తరం అంతా నా ముడులతోనే బతికి బట్టకట్టింది.

ముడి వేశాక పలచగాలి గదిలో కూర్చోబెట్టి ఒకసారి పరీక్షించాలి. ఆ గది తలుపు రబ్బరు చిరిగి ఉంది. బాగుచేసేదాకా ఆగుదామా అని రత్నమే అడిగింది. నేను వేసిన ముడికి పరీక్షేమిటమ్మా అని నవ్వి పంపించేశాను.

చవితి

చందమామ లేని చోట తిథులేమిటని కుర్రకారు నన్ను ఎగతాళి చేస్తారు. మీకు తిథులూ అక్కర్లేదు, తెలుగూ అక్కర్లేదు, ఏ మాటకి ఏ అర్థమో తెలియకుండానే పెద్దవాళ్ళయ్యారు అని నేను వాళ్ళని అంటాను. అదొక ముచ్చట మాకు.

ఈ రోజు రాయవలసింది అది కాదు. రత్నం వెళ్ళలేదు. వాకిలి దగ్గర అందరూ నిలబడ్డారు, పైడమ్మ హారతి పళ్ళెం కూడా తెచ్చింది. బుడ్డి కట్టారు, గొట్టం తగిలించి గాలి నింపారు, మీటరు ముల్లు చివరికి వచ్చింది. అంతవరకూ నవ్వుతూ ఉన్న పిల్ల ఒక్కసారిగా వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. ఏమిటంటే, ఇంట్లో పొయ్యి ఆర్పలేదని గుర్తొచ్చిందట. వెళ్ళి చూస్తే పొయ్యి ఆర్పే ఉంది. వాకిలి మళ్ళీ తెరవాలంటే బోలెడంత గాలి దండగ, అందుకని ఆ పూటకి ఆపేశారు.

మొదటిరోజు బెరుకు, సహజమే అన్నాను పైడమ్మతో. పెద్దమనిషిలా ఆమె భుజం కూడా తట్టాను.

సప్తమి

నిన్న చొక్కా చేతి కుట్టు ఊడిందని తిరిగి వచ్చింది. కుట్టు ఊడలేదు. ఈ రోజు కడుపులో నొప్పి అంది. వైద్యుడు నొక్కి చూసి నీకేమీ లేదన్నాడు.

సింహాచలం నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు. "ఏటి మాస్టారూ ఈ పిల్ల. బుడ్డి నిండీదాకా బాగానే ఉంటాది. నిండిందో లేదో, ఏదో ఒకటి గుర్తొచ్చీస్తాది." పాతవాళ్ళు ముగ్గురే మిగిలారు, వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు. రత్నం వస్తుందన్న ధైర్యంతో ఇద్దరిని మాన్పించేశారు కూడా. పలకలు సగం దుమ్ములో ఉన్నాయి. వీధి దీపాలు తగ్గించారు. ఉప్పు తీసే యంత్రానికి కరెంటు ఆపేశారు. ఇక్కడ ఏ సరుకైనా గొట్టాల్లోంచి రోజుకింత అని కొలిచి వస్తుంది, అది తగ్గడం నేను వచ్చాక ఇదే మొదటిసారి.

నేనేం చేశానో రాస్తాను. భోజనాల శాలలో, వంద మంది ముందు, ఆమె కంచం పక్కన నిలబడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఎవరో, అన్నాను. భయమేస్తే భయమేసిందని చెప్పు, ఎవరూ కొట్టరు, రోజుకో కథ అల్లడమెందుకు అన్నాను. ఆమె లేచి నిలబడి, నిజంగానే నొప్పొచ్చింది మాస్టారూ అంది. నేను కడుపు పట్టుకుని, మూతి వంకరగా పెట్టి, ఆ మాటే ఆమె గొంతుతో అన్నాను. శాలంతా నవ్వింది. బాగా నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చింది కూడా.

ముడి తప్పు కావచ్చేమో అని ఎవరో అన్నారు. నిండు బుడ్డితో ముడి ఎందుకు లాగుతుంది, బుద్ధి ఉండే మాట్లాడుతున్నావా అని కసిరాను.

పున్నమి కూటంలో తేలుస్తామన్నారు. బయలు పనినుంచి తీసేస్తే ఇక బురద మడుల్లోకే, మళ్ళీ అవకాశం ఇవ్వరు. పైగా లోగిలి పిల్లలెవరూ బయటికి పనికిరారన్న మాట స్థిరపడిపోతుంది. సింహాచలానికి జాలి ఎక్కువ. ఒకసారి సగం బుడ్డి ఇచ్చి, వాకిలి పక్కనున్న పలకలకే పంపి చూస్తాను మాస్టారూ, కాసేపట్లో వచ్చీమంటాను, భయం తీరుతాదేమో అన్నాడు. నీ ఇష్టం, నా ముడి ఉందిగా అన్నాను.

నవమి

ఈ రోజుది ఈ రోజే రాయాలి.

పొద్దున్న వంటింట్లో మా ఆవిడ బంగారమ్మ కోడల్ని పిలిచి, ఉప్పు నిండుకుంది, పక్కింట్లో కాస్త అడిగి పట్రమ్మా అంది. మా కోడలు దమయంతి ఇక్కడ పుట్టిన పిల్లే, రత్నం ఈడుది. "నిండిపోతే మళ్ళీ తేవడం ఎందుకత్తయ్యా? ఎక్కడ పోస్తారు?" అంది. బంగారమ్మ పగలబడి నవ్వింది. విన్నారా మీ కోడలి తెలుగు అని నన్ను కేకేసింది.

నాకు ఇలాంటివి దొరికితే పండగే కదా. పీట వేసుకుని కూర్చుని పాఠం మొదలుపెట్టాను. ఇంట్లో సరుకు అయిపోయిందని నోటితో అనకూడదమ్మా, అంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుంది, అందుకని లేదు అన్నదాన్ని నిండుకుంది అంటాం. బియ్యమైనా అంతే, నూనె అయినా అంతే. మరీ ముఖ్యంగా గడప దాటబోయే మనిషితో అయిపోవడం, లేకపోవడం అనే మాటలు అసలు పలకకూడదు. గాలైనా అంతే, బుడ్డిలో గాలి నిండుకుందీ అంటే...

అక్కడ నా నోరు ఆగిపోయింది.

నిద్రలో ఉన్నవాళ్ళు మాటని మాటగానే తీసుకుంటారు. నీ పేరు చెప్పగలవా అని అడిగితే, చెప్పగలను అని ఊరుకుంటారు, పేరు చెప్పరు. నా వృత్తిలో మొదటి పాఠం అది. పాతవాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన మాట కాబట్టి నిండుకోవడమంటే అయిపోవడమే వాళ్ళకి, నిద్రలోనైనా, మెలకువలోనైనా. ఈ పిల్లలు ఆ మాట ఎప్పుడు విన్నారని? గొట్టంలోంచి రోజూ వచ్చే ఇంట్లో ఏ సరుకూ నిండుకోలేదు. గాలి నిండుకుందని తెలిసిన మరుక్షణం వెనక్కి తిరిగి వచ్చెయ్ అని నేను చెప్పాను. బుడ్డి నిండింది, ముల్లు చివరికి వచ్చింది, ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. రోజూ తు.చ. తప్పకుండా నేను చెప్పిందే చేసింది.

నిజం రాస్తున్నాను కదా, మొట్టమొదట నాకొచ్చింది కోపం. తెలుగు రాని పిల్ల అనుకున్నాను. ఆ తరవాత వచ్చింది సిగ్గు. మూతి వంకర పెట్టి ఆమె గొంతుతో నేనన్న మాట చెవిలో వినబడి, అక్కడే పీట మీద తల దించేశాను. ఆ తరవాత భయం వచ్చింది. నిండినప్పుడు లాగే ముడి, అయిపోయినప్పుడు లాగదు.

ఇంకా నయం, అడుగు బయట పెట్టలేదు కదా అన్నాను పైకే. "రత్నమా? ఇందాకే వెళ్ళింది కదా మావయ్యా, సగం బుడ్డితో" అంది దమయంతి.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. వాకిలి దగ్గర సింహాచలం మైకులో పిలుస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది. రమ్మంటే రావట్లేదు మాస్టారూ, నవ్వుతోంది అన్నాడు. స్పీకర్లోంచి ఆమె నవ్వు వినిపిస్తోంది. అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు. ఇంత పెద్దగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేం అంటోంది ఆకాశం గురించి.

"మీ ముడి లాగట్లేదేటి మాస్టారూ?" అన్నాడు సింహాచలం. చుట్టూ పదిమంది ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు.

ముడి తప్పుగా వేశానని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. మైకు లాక్కుని, రత్నం, మీ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది, తొందరగా రా అన్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు. గాలి పలచబడ్డ బుర్రకి అమ్మా తెలియదు, అయ్యా తెలియదు. పడిపోయిందా అని ఇంకా పడీపడీ నవ్వింది.

సింహాచలం, ఇంకొకతనూ బుడ్డీలు తగిలించుకుని బయటికి ఉరికారు. రెండు చేతులూ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. గాలి పెట్టాక కళ్ళు తెరిచింది. బతికింది. ఆ మాట రాయడానికే కూర్చున్నాను, బతికింది.

పైడమ్మ నిక్షేపంలా పరిగెత్తుకొచ్చింది. ఎవరో నాకు పొరపాటున చెప్పారని సర్దేశాను. కానీ మాట ఊళ్ళోకి వెళ్ళిపోయింది. తల్లి పడిపోయిందంటే నవ్విందట అని. సాయంత్రం సింహాచలమే అన్నాడు, "తల్లికన్నా ఆకాశం ఎక్కువైపోనాదా దీనికి" అని. పక్కనే ఉన్న పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

ద్వాదశి

బయట కూలబడ్డవాళ్ళకి పాత ముడి విప్పి కొత్తది వెయ్యాలని రూలు. కాబట్టి ఆమె నా దగ్గరికి రావడం ఎవరికీ వింతగా తోచలేదు. నా అదృష్టం అనుకున్నాను. ఎంత నీచమైన అదృష్టమో.

పలచగాలి గది తలుపు రబ్బరు నేనే దగ్గరుండి వేయించాను. మొన్న రత్నం వచ్చి కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ మాట్లాడట్లేదంది. ఆ రోజు నవ్విన సంగతి తనకి గుర్తే లేదట, అందరూ చెబుతున్నారు కాబట్టి నవ్వే ఉంటానంది. ఇంకో మాట అడిగింది.

"మాస్టారూ, నాకు నిజంగా నొప్పి వచ్చినట్టే ఉంది. వైద్యుడు లేదన్నాడు. మీరూ అబద్ధమన్నారు. నేను అబద్ధాలకోరునా?"

ఇదే సమయం. గదిలో ఇద్దరమే ఉన్నాం. కాదు తల్లీ, నేనే మూర్ఖుణ్ణి అంటే సరిపోయేది. నా నోరు ఏమందో తెలుసా? వయసు అలాంటిది, సర్దుకుంటుందిలే అంది. ఆమె తలూపింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది, కానీ కుంగిపోకుండా దీపం తగ్గించి, నిద్రపుచ్చి, పాత ముడి విప్పి కొత్తది వేశాను. అయిపోయిందని అనడానికి నాలుక తిరగలేదు. గాలి తగ్గిపోయి ఊపిరి బరువైతే వచ్చెయ్ అని చుట్టూ తిప్పి చెప్పాను. పలచగాలి గదిలో కూర్చోబెడితే చటుక్కున లేచి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే, కాలు తిమ్మిరెక్కింది మాస్టారూ అంది.

మర్నాడు నిండు బుడ్డితో బయటికి వెళ్ళింది. రెండు వరసల పలకలు అద్దంలా తుడిచింది. గాలి తగ్గగానే తిరిగి వచ్చింది. దాహమేసిందంది. ఊరు ఊరంతా నన్ను మెచ్చుకుంది, పిరికిపిల్లని కూడా దారిలో పెట్టాడు కూర్మారావు మాస్టారు అని. బంగారమ్మ పాయసం వండింది. ఆవిడకి చెప్పేద్దామనుకున్నాను. పాయసం తిని పడుకున్నాను.

పున్నమి

కూటం జరిగింది. ఆకాశంలో ఏమీ లేకపోయినా పున్నమికే కూడతాం.

పనినుంచి తీసేసే మాట లేదిక. కానీ అబద్ధాలాడి లోగిలి మొత్తాన్ని చీకట్లో పెట్టింది కాబట్టి అందరిముందూ ఒప్పుకోవాలన్నారు. ముందు నన్ను పిలిచారు. కూటం పెద్ద వరహాలమ్మ, మా అందరికన్నా ముసలావిడ, నా భుజాల మీద శాలువా కప్పింది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాను.

రత్నం లేచింది. పొయ్యి ఆర్పలేదన్నది అబద్ధం అంది. కుట్టు ఊడిందన్నది అబద్ధం. కడుపునొప్పి అబద్ధం. ఒక్కొక్కటీ చెబుతుంటే, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టే ఉంది. భయపడి ఉంటాను, భయమని నాకే తెలియలేదు, మాస్టారు బాగుచేశారు అని నాకు దణ్ణం పెట్టింది. తరవాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు పడిపోయావంటే నవ్వానట. అదొక్కటీ క్షమించొద్దులే."

పైడమ్మ తల ఎత్తలేదు. నేను లేచి నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు. కూర్చోలేకపోయాను, అంతే.

అంతా చెప్పాను. నేను వేసిన మాట ఏమిటో, అది ఆ పిల్లకి ఎలా అర్థమైందో, పరీక్ష ఎందుకు మానేశానో, పైడమ్మ పడిపోయిందన్నది నా నోటి అబద్ధమని, తెలిశాక కూడా ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానని చెప్పాను. రాళ్ళేస్తారనుకున్నాను. శాలువా లాగేస్తారనుకున్నాను.

కూటం మొత్తం నవ్వింది.

మొదట సింహాచలం నవ్వాడు. "నిండుకుందంటే నిండిందనుకుందేటి!" అని తొడ కొట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదంటుకుని ముసలివాళ్ళందరూ నవ్వారు. మనందరం అనేదే కదా బాబూ, గడప దాటేవాళ్ళతో అయిపోయిందని ఎవరంటారు, అందులో నీ తప్పేముంది అంది వరహాలమ్మ. అబద్ధమాడినా పిల్లని బతికించుకోడానికే కదా అన్నారు ఇంకెవరో. నాకు ఒంట్లోంచి బరువంతా దిగిపోయింది. ఏం రాయను, నేను కూడా నవ్వాను. వాళ్ళతోబాటు, నోరంతా తెరిచి నవ్వాను.

అప్పుడు చూశాను ఆమెని. రత్నం నవ్వట్లేదు. లోగిలి పిల్లలెవరూ నవ్వట్లేదు. ఎందుకు నవ్వాలో వాళ్ళకి అర్థం కాలేదు. నవ్వులు మెల్లగా ఆగాక ఆమె అడిగింది, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"మాస్టారూ, కడుపునొప్పి నాకు నిజంగానే వచ్చింది. అది ముడి వల్ల వచ్చిందా?"

అవునన్నాను.

"మొన్న దాహమేసి వచ్చేశాను. అది?"

అదీ ముడి వల్లే అన్నాను.

"ఇప్పుడు ఇంతమందిలో నేను అబద్ధాలాడానని చెప్పాను చూడండి. దానికి కూడా ముడి వేశారా?"

లేదమ్మా అన్నాను. ముడి వెయ్యలేదు.

"అయితే మొత్తంలో నేనాడిన అబద్ధం అదొక్కటే" అంది. అని తల్లి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపింది. పైడమ్మ లేచి, అందరూ చూస్తుండగానే కూతురి తలని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. శాలువా ఎప్పుడు తీశానో నాకు గుర్తులేదు. తప్పు లేదని అందరూ అన్నారు. ఆ మాట నాకేమీ అక్కరకి రాలేదు.

పాడ్యమి

రాత్రంతా ఒకటే ఆలోచన. వేసిన ముడి కొన్నాళ్ళకే వదులవుతుంది, మళ్ళీ వెయ్యాలి. ముడి లేకుండా ఎవరినీ వాకిలి దాటనివ్వరు. ముడి వెయ్యడం వచ్చినవాణ్ణి లోగిలిలో నేనొక్కణ్ణే. ఆకాశం కావాలంటే ఆ పిల్ల మళ్ళీ నా ముందే కళ్ళు మూసుకోవాలి. నేనైతే మూసుకోను. ఆమె రాదనే అనుకున్నాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను, మొహం చూపించే పని తప్పుతుందని.

పొద్దున్నే వచ్చింది. తల్లినీ, మా దమయంతినీ వెంటపెట్టుకొచ్చింది. వాళ్ళిద్దర్నీ గోడవార కూర్చోబెట్టింది. తను కుర్చీలో కూర్చుంది గానీ వెనక్కి వాలలేదు.

"నిద్రలో నాతో ఏం చెప్పబోతున్నారో, ముందు మెలకువలో చెప్పండి మాస్టారూ. వీళ్ళూ వింటారు" అంది.

ముడి మాట మనిషికి ముందే చెప్పకూడదు, చెబితే బిగువు తగ్గుతుందని మా శాస్త్రం. ఆ శాస్త్రం ఎత్తే మొహం నాకెక్కడిది. ఊపిరి బరువైతే అని మొదలుపెట్టాను. బరువైతే అంటే అంది. గాలి తగ్గితే అన్నాను. ఎంత తగ్గితే అంది. ఇన్నేళ్ళలో గడప దాటబోయే మనిషితో నేను ఆ మాట అనలేదు. మా అమ్మ అనలేదు, వాళ్ళమ్మ అనలేదు. గోడవార పైడమ్మ నన్నే చూస్తోంది.

"గాలి అయిపోవస్తే" అన్నాను.

"అయిపోతే?"

"అయిపోతే అంటే... లేకుండా పోతే."

"లేకుండా పోతే నాకేమవుతుంది?"

దమయంతి తల దించుకుంది. పైడమ్మ కళ్ళు మూసుకుంది. రత్నం మాత్రం నా మొహం మీదనుంచి చూపు తిప్పలేదు.

"చచ్చిపోతావు" అన్నాను.

"ఇప్పుడు అర్థమైంది" అంది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, వెయ్యండి మాస్టారూ అంది.